మహమ్మారి కాలంలో యానాం: ఆదేశాలు రెండు, జాగ్రత్త ఒక్కటే

యానాంలో ఉండే కుటుంబానికి కాకినాడ పరాయి ఊరు కాదు. ఆడపిల్లను ఇచ్చింది అక్కడే కావచ్చు, పెద్దాస్పత్రి అక్కడే, పిల్లల కాలేజీ అక్కడే. ఇటు గౌతమి మీద వంతెన దాటితే ఎదుర్లంక, ఆ దారినే వెళ్తే ముమ్మిడివరం, అమలాపురం. మామూలు రోజుల్లో ఇక్కడ సరిహద్దు గురించి ఎవరూ పెద్దగా తలచుకోరు. 2020 మార్చిలో ఆ గీత ఒక్కసారిగా కనబడింది. గీతకు ఇటు పుదుచ్చేరి ఆదేశం, అటు ఆంధ్రప్రదేశ్ ఆదేశం. కరోనా వైరస్‌కు మాత్రం ఏ ఆదేశమూ లేదు.

అందుకే మహమ్మారి కాలంలో ప్రజలు ఎలా నడుచుకోవాలి, ఏ సమాచారం నమ్మాలి అనే విషయానికి యానాం మంచి ఉదాహరణ. ప్రభుత్వాల నియమాలు ఊరూరికీ, వారం వారానికీ మారుతాయి. ఆ నియమం వెనక ఉన్న కారణం మారదు. కారణం తెలిసిన కుటుంబం, కొత్త ఉత్తర్వు చేతికి అందకముందే తనను తాను కాపాడుకోగలదు.

యానాం ఎందుకు ప్రత్యేకం

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాం అని నాలుగు ముక్కలున్నాయి. ఫ్రెంచి పాలన నుంచి 1954 జూన్ 13న విముక్తమైన యానాం, పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. కాకినాడ మాత్రం సుమారు 30 కిలోమీటర్లే. 2011 జనగణన ప్రకారం యానాం జనాభా 55,626. చుట్టూ ఆంధ్రప్రదేశ్, మాట్లాడేది తెలుగు, పాలించేది తమిళనాడు పక్కనున్న పుదుచ్చేరి.

దీనివల్ల వచ్చే చిక్కు చిన్నది కాదు. టీవీ పెడితే విజయవాడ వార్తలు వస్తాయి. అందులో చెప్పే దుకాణాల వేళలు, కర్ఫ్యూ వేళలు ఆంధ్రప్రదేశ్‌వి. యానాంకు వర్తించేవి పుదుచ్చేరి ప్రభుత్వం ఇచ్చేవి. ఉదాహరణకు రెండో అల సమయంలో ఆంధ్రప్రదేశ్ 2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 గంటల తర్వాత కర్ఫ్యూ పెట్టింది. పుదుచ్చేరి తన ఉత్తర్వులు తాను విడిగా ఇచ్చుకుంది. పొద్దున ఇటు సరుకులు కొని సాయంత్రం అటు పనికి వెళ్లే మనిషికి రెండూ తెలిసి ఉండాలి. ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడితే ఇబ్బందులే.

ఆ రోజులు వరసగా

2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మార్చి 11న దీన్ని మహమ్మారి అని పేర్కొంది. మరుసటి రోజే ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు నెల్లూరులో బయటపడింది, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తొలి కేసు అదే నెలలో కేరళ పక్కనున్న మాహేలో వచ్చింది, ఉమ్రా ముగించుకుని వచ్చిన ఒక వృద్ధురాలికి. అప్పటి తూర్పు గోదావరిలో తొలి కేసు రాజమండ్రిలో, లండన్ నుంచి వచ్చిన యువకుడికి. ముగ్గురూ వేర్వేరు దేశాల నుంచి, వేర్వేరు పనుల మీద వెళ్లి వచ్చినవాళ్లు. వైరస్ ప్రయాణంతో వచ్చింది. ఎవరి మతంతోనూ, కులంతోనూ రాలేదు.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. యానాం దారుల మీద రాకపోకలు ఆపేశారు. ఏప్రిల్ చివర్లో, బయట ఊళ్ల నుంచి తిరిగొచ్చిన కొందరు యానాం వాసులు సరిహద్దు దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. అప్పటి పుదుచ్చేరి ఆరోగ్య మంత్రి, యానాం ఎమ్మెల్యే మల్లాడి కృష్ణారావు వాళ్లను లోపలికి రానివ్వాలని అక్కడే నిరసనకు కూర్చున్నారు. ఊరిని కాపాడాలన్న భయం ఒకవైపు, సొంత ఊరివాళ్లను రోడ్డు మీద వదిలేయకూడదన్న బాధ్యత మరోవైపు. రెండూ నిజమైనవే. ఇలాంటి చోట దారి ఒకటుంది: రానివ్వాలి, పరీక్ష చేయాలి, 14 రోజులు విడిగా ఉంచాలి. క్వారంటైన్ అంటే వెలి కాదు. లోపలికి రావడానికి అది ఒక పద్ధతి.

మే 7 నుంచి వందే భారత్ విమానాలు మొదలయ్యాక గల్ఫ్ దేశాల్లో పనిచేసేవాళ్లు తిరిగి రావడం మొదలైంది. కువైట్‌కూ ఇతర గల్ఫ్ దేశాలకూ పనికి వెళ్లే కోనసీమ కుటుంబాలకు ఆ నిరీక్షణ ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

తలుపులు మూసినా యానాం తప్పించుకోలేదు, చుట్టుపక్కల జిల్లా కూడా తప్పించుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద ఎక్కువ కేసులు నమోదైన జిల్లా తూర్పు గోదావరే. సరిహద్దు మూయడం వల్ల వైరస్ రావడం కొంత ఆలస్యమవుతుంది. ఆ దొరికిన వ్యవధిలో ఆస్పత్రిని, ఇంటిని, మనుషులను సిద్ధం చేసుకోవాలి.

నియమాల వెనక కారణం: గాలి, గుంపు, సమయం

మొదట్లో అందరం పాల ప్యాకెట్లు, కూరగాయలు కడుక్కున్నాం. తలుపు గడియలు తుడుచుకున్నాం. తర్వాత శాస్త్రవేత్తలకు స్పష్టమైంది ఏమిటంటే, ఈ వైరస్ ముఖ్యంగా గాలి ద్వారానే పాకుతుంది. రోగి మాట్లాడినా, దగ్గినా, గట్టిగా చదివినా నోటి నుంచి సన్నని తుంపరలు వస్తాయి. వాటిలో మరీ చిన్నవి మూసిన గదిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. కాబట్టి ఎక్కడికి వెళ్లినా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

గాలి ఎలా ఉంది? కిటికీలు మూసి ఏసీ వేసిన గది కన్నా, తలుపులు తెరిచిన వరండా మేలు. వరండా కన్నా ఆరుబయలు మేలు. ఆంధ్రప్రదేశ్ నగరాల్లో రైతు బజార్లను మైదానాలకు, స్టేడియాలకు మార్చింది అందుకే.

ఎంతమంది ఉన్నారు, ఎంత దగ్గరగా ఉన్నారు? షేరింగు ఆటోలో పక్కపక్కన కూర్చుని కాకినాడ వెళ్లడం, సొంత బండి మీద వెళ్లడం ఒకటి కాదు.

ఎంతసేపు ఉంటాం? కొట్టులో ఐదు నిమిషాలు వేరు, ఫంక్షన్ హాల్లో వలీమా విందుకు మూడు గంటలు వేరు.

మాస్కు ముక్కునూ నోటినీ రెండింటినీ కప్పాలి. గడ్డం కింద వేలాడే మాస్కు వల్ల ఉపయోగం లేదు. ముందు వాల్వు ఉన్న మాస్కు వేసుకున్నవాళ్లను కాపాడుతుంది గానీ, వాళ్లు వదిలే గాలిని వడకట్టదు. గడ్డం ఒత్తుగా ఉంటే ఎన్-95 మాస్కు ముఖానికి సరిగా అంటుకోదు, అంచుల నుంచి గాలి పోతుంది. పల్చటి బట్టతో చేసిన నఖాబ్‌ను మాస్కు అనుకోవద్దు. లోపల మాస్కు పెట్టుకుని పైన నఖాబ్ వేసుకోవచ్చు.

చేతుల విషయంలో కూడా ఒక మాట. రోజుకు ఐదుసార్లు వజూ చేసేవాళ్లకు చేతులు కడగడం అలవాటే. కానీ వైరస్ పైపొర కరగాలంటే సబ్బు కావాలి, కనీసం 20 సెకన్లు రుద్దాలి. వజూకు ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే రెండూ నెరవేరతాయి.

మస్జిదు, రంజాన్, హజ్

2020 మార్చి 13న కువైట్‌లో అజాన్ మాటలు మారాయి. నమాజుకు రండి అనే చోట, మీ ఇళ్లలోనే నమాజు చేసుకోండి అని పిలుపు వినబడింది. అక్కడ పనిచేస్తున్న మనవాళ్లు ఆ వీడియో పంపితే ఇక్కడ చూసినవాళ్లకు కళ్లు చెమర్చాయి. అయితే అది కొత్తగా పుట్టించిన విషయం కాదు. భారీ వర్షం, చలి ఉన్న రాత్రుల్లో ఇలా పిలవడం దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలం నుంచీ ఉన్నదే.

అంటువ్యాధి విషయంలో కూడా ప్రవక్త (స) బోధ తేటగా ఉంది. ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దని, మీరున్న ఊళ్లో అది వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని హదీసు చెబుతుంది. క్రీస్తుశకం 638-39 ప్రాంతంలో సిరియా వైపు అమ్వాస్ ప్లేగు వచ్చింది. అటు ప్రయాణిస్తున్న ఖలీఫా ఉమర్ (రజి) సర్గ్ అనే చోట సంగతి విని, సహచరులను సంప్రదించి వెనక్కి మళ్లారు. విధి నుంచి పారిపోతున్నారా అని అడిగితే, అల్లాహ్ నిర్ణయించిన ఒకదాని నుంచి ఆయనే నిర్ణయించిన మరోదానికి వెళ్తున్నామని అర్థం వచ్చేలా జవాబిచ్చారు. జాగ్రత్త పడటం విశ్వాసంలో లోటు కాదని చెప్పడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ అక్కర్లేదు.

2020 రంజాన్ అంతా తరావీహ్ ఇళ్లలోనే జరిగింది. మే 25న ఈద్ కూడా ఇంట్లోనే. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరిచినప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ కొన్ని నియమాలు ఇచ్చింది. ఆరడుగుల దూరం, ఎవరి జానమాజ్ వాళ్లు తెచ్చుకోవడం, 65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు ఇంట్లోనే ఉండటం. వీటికి తోడు వజూ ఇంట్లోనే చేసుకుని రావడం, సున్నత్‌లు ఇంట్లో చదవడం, ఖుత్బా క్లుప్తంగా ముగించడం లాంటివి పాటిస్తే మస్జిదులో గడిపే సమయం తగ్గుతుంది.

హజ్ కూడా ఆగలేదు, తగ్గింది. 2020లో సౌదీ లోపల ఉన్న అతి కొద్దిమందికే అనుమతి. 2021లో 60,000 మందికి, అదీ ఆ దేశంలో ఉన్నవాళ్లకే. 2022లో పది లక్షల మందికి. ఏళ్లుగా డబ్బు కూడబెట్టి హజ్ కోసం ఎదురుచూసిన పెద్దవాళ్లకు అది ఎంత బాధో తెలిసినా, ప్రాణం ముందు అని నిర్ణయించారు.

ఇంట్లో ఒకరికి వస్తే

మనలో చాలా ఇళ్లు రెండు గదుల ఇళ్లు. విడిగా గది, విడిగా బాత్‌రూం అని రాసిన కాగితం చూసి నవ్వొస్తుంది. అయినా చేయగలిగినవి ఉన్నాయి.

రోగికి కిటికీ ఉన్న చోటు ఇవ్వండి. కిటికీ తెరిచి ఉంచండి. ఫ్యాను గాలి రోగి మీదుగా మిగతావాళ్ల వైపు రాకుండా, బయటికి పోయేలా పెట్టండి. సేవ చేసేది ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కావాలి. దగ్గరికి వెళ్లినప్పుడు ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. బాత్‌రూం ఒకటే అయితే రోగి చివర వాడి, తలుపు, వెంటిలేటరు తెరిచి ఉంచాలి. కంచాలు, గ్లాసులు సబ్బుతో కడిగితే సరిపోతుంది, పారేయనక్కర్లేదు.

నానీకి షుగరు, బీపీ ఉంటే ముందు ఆమెను వేరు చేయండి. వీలైతే బంధువుల ఇంటికి కాదు, అదే ఇంట్లో గాలి వచ్చే వేరే చోటికి. అప్పటికే ఆమెకు సోకి ఉంటే, ఇంకో ఇంటికి తీసుకెళ్లడం అంటే ఆ ఇంటికి కూడా వైరస్ మోసుకెళ్లడమే.

వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు రీడింగు 94 కన్నా తగ్గితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. 90 కన్నా తగ్గితే అది ప్రమాదం, 108కి ఫోన్ చేయాలి. గోళ్లకు మెహందీ ఉన్నా, వేళ్లు చల్లగా ఉన్నా రీడింగు తప్పు రావచ్చు, వేలు మార్చి చూడండి. ఊపిరి అందకపోవడం, ఛాతీలో బరువు, తికమకగా మాట్లాడటం ఉంటే రీడింగు బాగున్నా ఆస్పత్రికే. యానాం వాళ్లు కాకినాడ వెళ్లాల్సి వస్తే, దారిలో తనిఖీలు ఉన్న రోజుల్లో ఆధార్, డాక్టరు చీటీ, పరీక్ష కాగితం ఒకే సంచిలో ముందే పెట్టుకోవడం మంచిది. అర్ధరాత్రి వెతుక్కోవడానికి సమయం ఉండదు.

స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఆక్సిజన్ అవసరమైన రోగికి డాక్టరు ఇస్తే అవి ప్రాణం కాపాడతాయి. మామూలు జ్వరానికి మొదటి రోజుల్లోనే మింగితే కీడు చేస్తాయి, షుగరు ఉన్నవాళ్లకు మరీను. రంజాన్‌లో జబ్బు పడితే రోజా వదిలి తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్ ఇచ్చిందే.

జనాజా: భయం, గౌరవం

అందరినీ ఎక్కువ కుంగదీసింది ఇదే. ఆఖరి చూపు దక్కదేమో, ఖబరస్తాన్‌లో చోటివ్వరేమో అనే భయంతో కొందరు జబ్బునే దాచుకున్నారు. నిజానికి 2020 మార్చి 15న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ఖననాన్ని నిషేధించలేదు. శవాన్ని తాకడం, స్నానం చేయించడం, ముద్దు పెట్టుకోవడం వద్దని చెప్పాయి. సంచి జిప్పు తీసి ముఖం చూపించడానికి, తాకకుండా చేసే ప్రార్థనలకు అనుమతి ఇచ్చాయి. జనం గుమికూడవద్దని చెప్పాయి. గుసుల్ వీలుకాని చోట తయమ్ముమ్‌తో సరిపెట్టవచ్చని, జనాజా నమాజు కొద్దిమందితో చేసుకోవచ్చని ఉలమాలు వివరించారు.

శ్రీలంకలో ప్రభుత్వం కోవిడ్‌తో చనిపోయిన అందరినీ దహనమే చేయాలని ఒత్తిడి చేసింది. ముస్లిం కుటుంబాలు నెలల తరబడి బాధపడ్డాయి. ఖననం వల్ల వైరస్ పాకుతుందనడానికి ఆధారం చూపలేక, 2021 ఫిబ్రవరిలో ఆ నియమాన్ని ఎత్తేసింది. శాస్త్రం చెప్పని నియమం జనాన్ని కాపాడకపోగా, జబ్బు దాచుకునేలా చేస్తుంది.

నింద వేస్తే జబ్బు దాక్కుంటుంది

2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ నుంచి తిరిగివచ్చినవాళ్లలో కేసులు బయటపడ్డాక, సోషల్ మీడియాలో జబ్బుకు ఒక మతం పేరు పెట్టారు. కూరగాయల బండి తోసుకునేవాళ్లను కూడా పేరు అడిగి పంపేసిన రోజులవి. ఏప్రిల్ 4న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి దీన్ని ఒక మతానికి అంటగట్టవద్దని ప్రజలను కోరారు. ఏప్రిల్ 6న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి మైక్ ర్యాన్ కేసులను మతం, జాతి ప్రకారం విడదీయవద్దన్నారు. 2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు 70 మంది భారతీయుల మీద ఉన్న ఛార్జిషీట్లను రద్దు చేసింది.

న్యాయం ఐదేళ్లకు వచ్చింది. ఆరోగ్యానికి జరిగిన నష్టం ఆ వారాల్లోనే జరిగిపోయింది. నింద పడుతుందని భయపడే మనిషి దగ్గును దాస్తాడు, పరీక్షకు రాడు, ఎవరెవరిని కలిశాడో చెప్పడు. అప్పుడు వైరస్‌కు దారి దొరుకుతుంది. అదే విధంగా మన వీధిలో ఒకరికి జబ్బు వస్తే, వాళ్లు ఏ మతంవాళ్లైనా, పాలు, బియ్యం గుమ్మం దగ్గర పెట్టి ఫోన్ చేసి పలకరించడం మన వంతు.

వదంతులు, టీకా

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో పంచిన నాటు మందు కోసం వేలమంది ఒకచోట చేరారు. మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగతా మందుకు అనుమతి ఇచ్చింది గానీ, అది కరోనాను నయం చేస్తుందన్న రుజువు లేదు. మందు సంగతి అలా ఉంచితే, దేశంలో రోజుకు లక్షల కేసులు వస్తున్న నెలలో అంత గుంపు కూడటమే పెద్ద ప్రమాదం.

టీకా 2021 జనవరి 16న మొదలైంది. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లకు, ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవాళ్లకు, మే 1 నుంచి 18 దాటినవాళ్లకు. అందులో పంది కొవ్వు ఉందని వాట్సాప్‌లో తిరిగింది. కోవిషీల్డ్, కోవాగ్జిన్ తయారీ పదార్థాల జాబితాలో పంది జెలటిన్ లేదు. టీకాతో రోజా భంగం కాదని సౌదీ గ్రాండ్ ముఫ్తీ 2021 రంజాన్‌కు ముందే చెప్పారు. టీకా వేసుకున్నా జబ్బు రావచ్చు, కానీ ముదరడం, ప్రాణం పోవడం బాగా తగ్గుతుంది.

ఫోన్‌లో ఏదైనా వస్తే పంపే ముందు మూడు చూడండి: ఎవరు చెప్పారు, ఏ తేదీ, ఏ ఊరికి వర్తిస్తుంది. యానాం వాళ్లకు ఆ మూడోది చాలా ముఖ్యం.

గోదావరికి వరద వచ్చినప్పుడు

డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. 2020 ఆగస్టులో కేసులు పెరుగుతున్న రోజుల్లోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం మూడో హెచ్చరిక స్థాయి 53 అడుగులు దాటింది. కోనసీమ లంకలు మునిగాయి. ఇంట్లో ఉండండి అని చెప్పే జబ్బు, ఇల్లు వదలండి అని చెప్పే నీళ్లు ఒకేసారి వస్తే ముందు నీళ్ల నుంచి ప్రాణం కాపాడుకోవాలి. శిబిరంలో కిటికీ పక్క చోటు, మాస్కు, సబ్బు, మందుల సంచి వెంట ఉండాలి. జ్వరం ఉన్న విషయం సిబ్బందికి చెప్పాలి.

మళ్లీ వస్తే

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. 2024 ఫిబ్రవరి 25న యానాంలో 90 పడకల జిప్మర్ మల్టీ స్పెషాలిటీ కేంద్రాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. ఆస్పత్రి దగ్గరికి రావడం మంచి మార్పు. అయినా మొదటి రక్షణ ఇంట్లోనే ఉంటుంది.

ప్రతి ఇంట్లో ఒక థర్మామీటరు, పని చేసే పల్స్ ఆక్సీమీటరు, సరిపడా మాస్కులు, పెద్దవాళ్ల షుగరు, బీపీ మందులు నెలకు సరిపడా ఉండాలి. మస్జిదు కమిటీ దగ్గర ఒంటరిగా ఉండే ముసలివాళ్ల జాబితా ఉండాలి, వాళ్లకు రోజూ ఎవరు ఫోన్ చేస్తారో ముందే అనుకోవాలి. జుమా ఖుత్బాలో రెండు నిమిషాలు తెలుగులో జాగ్రత్తలు చెబితే, ఉర్దూ రాని కుర్రాడికీ అర్థమవుతుంది. ఇంటికి వెళ్లి వాళ్లమ్మకు చెబుతాడు. సరిహద్దుకు ఇటున్నా అటున్నా, కిటికీ తెరవడానికీ, మాస్కు సరిగా పెట్టుకోవడానికీ, జబ్బు దాచకుండా చెప్పడానికీ ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.